పదకొండింటి వణుకు

ప్రశ్న: మా ఆయనకు 46 ఏళ్లు. రాయగడలో ముఠా కూలి. ఆరేళ్లుగా షుగరు. పొద్దున్నే టీ తాగి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వేసుకుని పనికెళ్తారు. కూలి దొరకని రోజుల్లో ఖర్చని మాత్రలు దాచేస్తారు. పనిలో ఉంటే పదకొండింటికల్లా చేతులు వణుకు, చెమటలు, గుండె దడ. రాత్రి నిద్ర లేదు, ఎవరితోనూ మాట్లాడరు. బెంగ పెట్టుకున్నాడంటున్నారు చుట్టాలు. బెంగా, షుగరా?

జవాబు: రెండూ ఉండొచ్చమ్మా. కానీ ఆ వణుకు విషయంలో ముందు అనుమానించాల్సింది షుగరు పడిపోవడాన్నే. మనిషి అన్నం తిన్నా తినకున్నా గ్లిమిపిరైడ్ మాత్ర షుగరును దించే ఇన్సులిన్ ఊరిస్తుంది. కడుపులో ఉత్త టీ, వీపున బస్తా అయితే షుగరు పడిపోక ఏమవుతుంది? ఆ మాత్ర వేసుకోవాల్సింది టీతో కాదు, మొదటి అన్నం ముద్దతో. చద్దన్నమో చోడి అంబలో తాగి వేసుకోమనండి.

వణుకు వచ్చిన క్షణంలోనే గ్లూకోమీటరుతో చూడాలి, సాయంత్రం చూస్తే ఏమీ తెలీదు. 70 కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే. కుదుటపడ్డాక అన్నం పెట్టండి. పంచదార బదులు బిస్కెట్లు వద్దు, వాటిలోని కొవ్వు వల్ల షుగరు ఎక్కడం ఆలస్యమవుతుంది. మీటరు లేకపోతే పంచదార ఇచ్చేయండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. సారా అలవాటుంటే మరీ ప్రమాదం: పరగడుపున తాగితే కాలేయం చక్కెర వదలదు, చూసేవాళ్లు మత్తనుకుంటారు.

మాత్రలు మానిన రోజుల కథ వేరు. షుగరు పెరిగితే రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవాలి, ఇక నిద్రెక్కడ? ఆ చిరాకే మర్నాడు ఇంటిమీద పడుతుంది. ఖర్చు సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఒడిశా ప్రభుత్వాసుపత్రుల్లో నిరామయ కౌంటరు మందులు ఉచితం, బయట కొనే ముందు అక్కడ అడగండి. గ్లిమిపిరైడ్ మోతాదు తగ్గించాలా అన్నది డాక్టరు తేల్చాలి, మీరు సగం విరవొద్దు.

ఇక బెంగ. రెండు వారాలుగా దాదాపు రోజూ దిగులుగా ఉన్నారా? ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయిందా? ఒక్కదానికి అవునన్నా డాక్టరుకు చెప్పండి, అది వైద్యం ఉన్న జబ్బే. మనసుకు మందు రాస్తే షుగరు చీటీ కూడా చూపించండి. బతకాలని లేదని నోట మాట వస్తే ఒంటరిగా వదలొద్దు, వెంటనే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ నంబరది, ఉచితం, పగలూ రాత్రీ పలుకుతారు.