రెండు పేర్లున్న బండివాడు

‘1888లో లండన్‌లో అయిదుగురు ఆడవాళ్ళను చంపి దొరక్కుండా పోయిన జాక్ ది రిప్పర్ నిజానికి ఎవరు? మొదటి శవాన్ని చూసిన బండివాడేనని ఈ మధ్య అందరూ అంటున్నారు, నిజమేనా?’ అని అడిగారు. కాదు. ఆ బండివాడు మాత్రం కాదు. నేను లండన్ వెళ్ళలేదు. అయినా ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మండి. ఆయన మీద ఇప్పుడు మోపుతున్నవన్నీ 1994లో నా మీద మోపారు.

ముందు పెద్దమనుషుల సంగతి. రాణి మనవడు ఆల్బర్ట్ విక్టర్ అన్నారు. ఆ అయిదుగురిలో స్ట్రైడ్, ఎడోస్‌ల హత్యలు జరిగిన రాత్రి ఆయన స్కాట్లాండ్‌లో ఉన్నాడు. రాణి గారి వైద్యుడు గల్ అన్నారు. ఆయనకు 71 ఏళ్ళు, పైగా అంతకు ముందు ఏడాదే పక్షవాతం వచ్చింది. మెక్‌నాటెన్ అనే పోలీసు అధికారి 1894లో అనుమానితుల్లో డ్రూయిట్ అనే ఆయన పేరు రాస్తూ ఆయనను డాక్టరన్నాడు. తీరా చూస్తే ఆయన న్యాయవాది, బడిలో పాఠాలు చెప్పేవాడు. హతుల్లో మరొకరైన ఆనీ చాప్‌మన్ శవం దొరికిన రోజు ఉదయం పదకొండున్నరకు బ్లాక్‌హీత్‌లో క్రికెట్ ఆడుతున్నాడు కూడా. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం ఈ సిద్ధాంతాలన్నీ. రాజులు, డాక్టర్లు లేకపోతే కథ రుచించదు మనకు.

ఇక బండివాడు. పేరు చార్లెస్ క్రాస్. పిక్‌ఫర్డ్స్ సంస్థలో ఇరవై ఏళ్ళకు పైగా సరుకు బండి తోలాడు. 1888 ఆగస్టు 31న ఇంకా తెల్లవారక ముందే పనికి వెళుతూ బక్స్ రో వీధిలో గేటు ముందు ఏదో పడి ఉండటం చూశాడు. టార్పాలిన్ అనుకున్నాడు. దగ్గరికి వెళితే మనిషి, మేరీ ఆన్ నికోల్స్, ఆ అయిదుగురిలో మొదటావిడ. అంతలో పాల్ అనే మరో బండివాడు వచ్చాడు. ఇద్దరూ ఆమె చేతులు పట్టుకుని చూశారు, చల్లగా ఉన్నాయి. చీర జరిగితే మనం సర్దినట్టే ఆమె గౌను కిందికి లాగారు. దారిలో కనిపించిన కానిస్టేబుల్‌కు చెప్పి పనికి పోయారు. నేరం ఏమిటంటే, ఆయన అసలు పేరు లెచ్‌మీర్! క్రాస్ అన్నది సవతి తండ్రి ఇంటిపేరు. పేరు దాచాడు కాబట్టి హంతకుడట. దాచదలచుకున్నవాడు విచారణకు వచ్చి ఇంటి చిరునామా, పని చేసే చోటు చెబుతాడా?

నా సంగతి వినండి. మా పెద్దమ్మ వాళ్ళకు పిల్లలు లేక నన్ను పెంచుకున్నారు. బడిలో ఆ ఇంటిపేరు పడింది. ఓటరు జాబితాలో కన్న తండ్రి ఇంటిపేరు ఉంది. ఈ రెండిటి మధ్య నేను తిరిగిన కార్యాలయాలు, కట్టిన అఫిడవిట్లు చెబితే అదొక భారతం. పాస్‌పోర్టుకని వెళితే ‘ఈ ఇద్దరూ ఒకరేనని రుజువేమిటి’ అన్నారు. నేనే ఎదురుగా నిలబడి ఉన్నాను!

1994 సంక్రాంతి వెళ్ళిన వారానికి, రైసు మిల్లులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, తెల్లవారుజామున నాలుగున్నరకు కాలువ గట్టు మీద సైకిల్ మీద పోతున్నాను. మంచు. రోడ్డు పొడవునా ధాన్యం రాశులు, వాటి మీద బరకాలు. ఒకచోట బరకం జారి పడిందనుకున్నాను. ముందుకు వెళ్ళిపోయాను కూడా. బరకానికి చెప్పులుండవు కదా అని తోచి వెనక్కి వచ్చాను. ముసలాయన. బోర్లా పడి ఉన్నాడు. తాగి పడిపోయాడో, ప్రాణం పోయిందో తెలియలేదు. ముట్టుకోవడానికి చేయి రాలేదు, ఆ మాట దాచను. అంతలో కేన్లు కట్టుకుని పాలాయన వచ్చాడు. ఆయనే చేయి పట్టుకుని చూసి, ‘అయిపోయిందయ్యా’ అన్నాడు. ముసలాయన పంచె సర్దాడు. తర్వాత నేను స్టేషనుకు వెళ్ళాను, ఆయన పాలు పోయడానికి వెళ్ళాడు. పాలు ఆగవు కదా.

స్టేషనులో నన్ను సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టారు. ‘ముందు చూసింది నువ్వేగా?’ అన్నాడు ఎస్ఐ. అవునండీ అన్నాను. ‘చూసి ముందుకెందుకు వెళ్ళావు?’ బరకం అనుకున్నానండీ. ‘నీకు రెండు ఇంటిపేర్లు ఎందుకు?’ దానికి పెద్దమ్మ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. పైగా ‘పాలాయన పంపిస్తే వచ్చాను’ అని నేను అన్నట్టు కాగితంలో ఎక్కింది. నేను అనలేదు. అక్కడ లండన్‌లోనూ ఇదే తంతు. ‘మరో పోలీసు నిన్ను రమ్మంటున్నాడు’ అని క్రాస్ తనతో అన్నట్టు, దారిలో కలిసిన ఆ కానిస్టేబుల్ మైజెన్ చెప్పాడు, తాను అనలేదని క్రాస్ అన్నాడు. క్రాస్ అబద్ధమాడాడనడానికి దీన్నే ఇప్పుడు గొప్ప ఆధారంగా చూపిస్తున్నారు. పోలీసు రాసుకున్నదే జరిగిందని నమ్మేవాళ్ళు ఒక్క పూట స్టేషను బల్ల మీద కూర్చుని రావాలి.

ముసలాయనది గుండెపోటని తేలడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ మిల్లులో నా పక్కన కూర్చుని ఎవరూ టీ తాగలేదు.

మరి హంతకుడెవరు అంటారా? నన్నడిగితే, పోలీసు పుస్తకంలోకి పేరే ఎక్కనివాడు. ఆ అయిదు హత్యలూ శుక్ర, శని, ఆదివారాల్లోనే, ఒకచోటి నుంచి మరోచోటికి నడిచిపోయే దూరంలోనే జరిగాయి. కాబట్టి ఆ పేటవాడే, వారంలో పని ఉన్నవాడే, తాళం వేసుకోవడానికి సొంత గది ఉన్నవాడే. పక్కపక్కనే మంచాలు వేసుకునే సత్రంలో నెత్తుటి బట్టలతో ఎలా పడుకుంటాడు? ఇందులో నాకు అనుమానం లేదు. పాపం నికోల్స్‌కు ఆ రాత్రి అలాంటి సత్రంలో పడుకోవడానికి నాలుగు పెన్నీలు కూడా లేవు, అందుకే వీధిలో ఉంది. ఆవిడ గురించి ఎవరూ ప్రశ్న అడగరు.

అన్నట్టు, చివరికి సంతకం పెట్టమని ఇచ్చిన వాఙ్మూలంలో నా పేరు పాలాయన ఇంటిపేరుతో ఉంది. అది నా మూడో పేరు. దిద్దమంటే ‘ఇప్పుడు దానితో పనేముంది, పెట్టు’ అన్నారు. పెట్టి బయటికి వస్తే సైకిల్ బెల్లు ఎవరో ఊడదీసుకుపోయారు.