లావు వంశంలోనే ఉంటే డైట్ ఎందుకు? మా చెల్లి, నేను

"మా అమ్మ లావు, నేను లావు, ఇప్పుడు తొమ్మిదేళ్ల పాప కూడా. ఇది జీన్స్ వల్లే అయితే డైట్ చేసి లాభమేంటి?" అని ఒకరు నన్ను అడిగారు.

జీన్స్ (జన్యువులు) పాత్ర చాలా పెద్దదేనండి. మా చెల్లిని చూశాకే నాకు నమ్మకం కుదిరింది. పిల్లల్లేని మా మేనత్త దాన్ని ఏడాది పిల్లప్పుడే పెంపకానికి తీసుకెళ్లింది. రాత్రి ఏడింటికల్లా జొన్నరొట్టె తినేసి పడుకునే ఇల్లు వాళ్లది, అందరూ సన్నమే. మా ఇంట్లోనేమో నెయ్యి, జంతికలు. అమ్మ పోలిక వచ్చిన మా ఇద్దరికీ ముప్పై దాటాయి. ఇప్పుడు బరువులో రెండు కిలోల తేడా కూడా లేదు, ఒకరి జాకెట్టు ఇంకొకరికి సరిపోతుంది.

డెన్మార్క్‌లో దత్తత వెళ్లిన 540 మందిని పరిశీలించి 1986లో ప్రచురించిన ఫలితమూ ఇదే. వాళ్ల బరువు కన్నవాళ్లతో కలిసింది, పెంచినవాళ్లతో కాదు.

ఈ జీన్స్‌లో చాలావాటి పని మెదడులో, ఆకలి దగ్గర. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్ వదులుతాయి, నిల్వ ఉందని మెదడుకు తెలిసేది దానివల్లే. దాని జీన్ దెబ్బతిని, పుట్టుకతో అది లేని ఇద్దరు పిల్లల గురించి కేంబ్రిడ్జ్ డాక్టర్లు 1997లో రాశారు. అందులో ఎనిమిదేళ్ల పాప 86 కిలోలు! తర్వాత లెప్టిన్ ఇంజెక్షన్లు ఇస్తే ఆకలే తగ్గిపోయింది. ఆ పాపది తిండిపోతుతనం అని ఎవరనగలరు?

అలా ఒకే జీన్ దెబ్బతినడం అరుదు. మనలో వందల జీన్స్ కొంచెం కొంచెంగా పనిచేస్తాయి. 2007లో బయటపడ్డ ఎఫ్‌టీఓ అనే జీన్‌లో బరువు పెంచే రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన యూరప్‌వాళ్లు, అది లేనివాళ్లకన్నా సగటున మూడు కిలోలే ఎక్కువ.

మా అమ్మమ్మవీ ఈ జీన్సే, కానీ పొలం పనిచేసినన్నాళ్లూ ఆవిడ లావెక్కలేదు. నేను రాత్రి అన్నం తగ్గించి, రోజూ నడిచి 84 నుంచి 77కి వచ్చాను. అంతకన్నా దిగట్లేదు, కానీ షుగర్ అదుపులోకి వచ్చింది. ఆ ఏడు కిలోలు నాకు చాలా విలువైనవి.

పాపను మాత్రం తిండి దగ్గర ఏమీ అనకండి. పెళ్లి పంక్తిలో అందరి ముందూ నా విస్తరి మీద చెయ్యి అడ్డుపెట్టి "చాలు" అన్నారు ఒకరు. ఇరవై ఏళ్లయినా మర్చిపోలేదు. ఇంట్లో అందరికీ ఒకే వంట పెట్టండి. పసితనం నుంచే బాగా బరువుండి, ఎంత తిన్నా ఆకలి తీరకపోతే మాత్రం పిల్లల హార్మోన్ల డాక్టరుకి చూపించండి. అవసరమైతే జన్యు పరీక్ష రాస్తారు.