అద్దం నల్లగా ఉంటే చాలా? చలువ అద్దాలపై మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: హన్మకొండ చౌరస్తాల నూట యాభై పెట్టి కూలింగ్ గ్లాసులు కొన్న. మంచి నల్లగున్నయ్. రోజుకు ఆరేడు గంటలు బండి మీదనే నా పని. అద్దాలు పెట్టుకున్నా సాయంత్రానికి కండ్లు మండుతున్నయ్. యూవీ 400 అని స్టిక్కరైతే ఉన్నది, నమ్మొచ్చా?
– కొరియర్ పనిచేసే పాఠకుడు, హన్మకొండ

జవాబు: స్టిక్కరు ఎవరైనా అంటించొచ్చు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకండి. అద్దం నలుపు వేరు, రక్షణ వేరు. నలుపు రంగు వల్ల వస్తుంది. అతినీలలోహిత (యూవీ) కిరణాలను ఆపే గుణం అద్దం తయారైన పదార్థంలో గానీ, పైన వేసిన పూతలో గానీ ఉండాలి. యూవీ 400 అంటే తరంగదైర్ఘ్యం (కాంతి అల పొడవు) 400 నానోమీటర్ల వరకు ఉన్న కిరణాలను ఆపుతుందని అర్థం. ఎండలో మన కంటిదాకా వచ్చే యూవీ అంతా ఆ లోపలిదే.

చీకటి అద్దం వెనక కనుపాప పెద్దదవుతుంది. అద్దం యూవీని ఆపనిదైతే, తెరుచుకున్న ఆ పాప గుండా కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి. మామూలుగా ఎండ చూడగానే కన్ను చిట్లించుకుంటాం కదా, నల్లద్దం ఆ కాపలాను కూడా తీసేస్తుంది. అందుకే నాసిరకం నల్లద్దం కన్నా యూవీని ఆపే తెల్లద్దం నయమంటాం.

ఎలా తేల్చుకోవాలి? కొంచెం పెద్ద కళ్లద్దాల షాపుల్లో యూవీ మీటరు ఉంటుంది. అద్దాన్ని అందులో పెడితే ఎంత శాతం దాటుతోందో నిమిషంలో తెలిసిపోతుంది. అడగడానికి మొహమాటపడొద్దు. మీటరు లేకపోతే, దొంగనోట్లు చూసే యూవీ లైటు దొరుకుతుందేమో చూడండి. దాన్ని 500 నోటు మీద వేస్తే నంబరు మెరుస్తుంది. ఇప్పుడు లైటుకూ నోటుకూ మధ్య అద్దం పెట్టి, నోటును మాత్రం నేరుగా చూడండి. మెరుపు పూర్తిగా పోతే మంచి గుర్తు, నంబరు ఇంకా వెలుగుతుంటే ఆ అద్దం వద్దు. ఇది చెడ్డ అద్దాన్ని ఏరేయడానికి పనికొస్తుంది గానీ మీటరుకు సాటి రాదు.

ఇక నలుపు ఎంత ఉండాలన్నది. కాడ లోపలివైపు చిన్న అక్షరాల్లో 'క్యాట్' (కేటగిరీ, అంటే రకం) అని 0 నుంచి 4 దాకా ఒక అంకె ఉంటుంది. 2వ రకం వెలుతురులో 18 నుంచి 43 శాతం లోపలికి వదులుతుంది, 3వ రకం 8 నుంచి 18 శాతం. మన ఏప్రిల్, మే ఎండకు 3 సరిపోతుంది. పొద్దున, సాయంత్రం తిరిగేవాళ్లకు 2 చాలు. 4వ రకం 3 నుంచి 8 శాతమే వదులుతుంది కాబట్టి దాంతో బండి గానీ కారు గానీ నడపకూడదు. చెట్ల నీడలోకి పోగానే రోడ్డు మీద గుంత కనబడదు. రంగుల్లో బూడిద రంగు అన్నిటినీ ఉన్నట్టే చూపిస్తుంది, గోధుమ రంగు గుంతలు, గతుకులు కాస్త స్పష్టంగా చూపిస్తుంది. సిగ్నల్ రంగులు మారిపోయి కనిపించే నీలం, గులాబీ అద్దాలు బండి మీద పెట్టుకోవద్దు.

మీ కళ్ల మంటకు ఎండ కన్నా గాలి, దుమ్ము ఎక్కువ కారణం అయ్యుండొచ్చు. చదునైన అద్దం పక్కల నుంచి గాలి కొడుతూ ఉంటే కంటి తడి ఆరిపోతుంది. కణతల దాకా వంగి వచ్చే ఫ్రేము తీసుకోండి. కాడలు సన్నగా, తిన్నగా ఉంటేనే హెల్మెట్‌లో దూరతాయి, లావైతే గంటలో చెవుల పైన నొప్పి మొదలవుతుంది. కాడ మీద 52, 18, 140 లాంటి అంకెలు ఉంటాయి. అవి వరుసగా అద్దం వెడల్పు, ముక్కు మీది ఎడం, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. ఇప్పటికే మీకు సరిపోయిన జోడు ఉంటే ఆ అంకెలు రాసుకుని షాపుకు పోండి. పెట్టుకుని ఒకసారి నవ్వండి. చెంపలు తగిలి ఫ్రేము పైకి లేచినా, రెప్పవెంట్రుకలు అద్దానికి తాకినా అది మీ కొలత కాదు. నల్ల వైజర్ కింద నల్లద్దం పెట్టడం మాత్రం మానుకోండి, రెండూ కలిస్తే 4వ రకం అంత చీకటి కావచ్చు.

తలనొప్పి వచ్చే అద్దాలూ ఉంటాయి. చేయి చాచి అద్దాన్ని దూరంగా పట్టుకుని, ఒక కన్ను మూసి, దాని గుండా తలుపు చట్టాన్నో గోడ టైల్స్ గీతనో చూడండి. అద్దాన్ని మెల్లగా పైకీ కిందికీ కదపండి. గీత వంకర్లు పోతే అచ్చు సరిగ్గా పోయలేదని అర్థం. (చూపు కోసం నంబరు, అంటే పవర్ ఉన్న అద్దానికి ఈ పరీక్ష పనికిరాదు.)

ప్రశ్న: వారానికి రెండు సార్లు కారుల హైదరాబాద్ పోయొస్త. పోలరైజ్డ్ తీసుకోమని షాపాయన అంటున్నడు, ధర డబుల్. అంత అవసరమా?
– పాఠకుడు, కాజీపేట

జవాబు: మీకైతే పనికొస్తుంది, కానీ దాని పని ఏదో తెలిసి కొనండి. తడి రోడ్డు, బానెట్, ముందు కారు అద్దం, నీళ్లు ఇలా చదునైన వాటి మీద పడి తిరిగొచ్చే వెలుతురు ఎక్కువగా అడ్డంగా కంపిస్తుంది. పోలరైజ్డ్ అద్దంలోని పొర ఆ అడ్డపు వెలుతురునే ఆపుతుంది. పాకాల చెరువు గట్టు మీద నిలబడి ఈ అద్దం పెట్టుకుంటే నీటి మీది తళతళ పోయి లోపలి నాచు, రాళ్లు కనబడతాయి. తలను భుజం మీదికి వంచితే మళ్లీ తళతళ వచ్చేస్తుంది. నీటి లోపల కనబడుతుందనే చేపలు పట్టేవాళ్లు దీన్ని ఇష్టపడతారు.

అయితే సాయంత్రం హైదరాబాద్ వైపు పోతున్నప్పుడు, పొద్దున ఇటు వస్తున్నప్పుడు సూర్యుడే ఎదురుగా ఉంటాడు. నేరుగా వచ్చే ఆ ఎండకు పోలరైజ్డ్ ప్రత్యేకంగా చేసేదేమీ లేదు, మామూలు రంగద్దం ఎంతో ఇదీ అంతే. అక్కడ కారు సన్‌వైజర్ దించుకోవడమే మార్గం. విండ్‌షీల్డ్ లోపలివైపు పేరుకున్న మసకను తుడిస్తే సగం బాధ తీరుతుంది.

ఈ అద్దంలోంచి కొన్ని ఫోన్లు, పెట్రోల్ బంకు డిస్‌ప్లేలు, కారు మీటర్లు ఒక కోణంలో నల్లగా కనిపిస్తాయి. పక్క కార్ల అద్దాల మీద మచ్చలు మచ్చలుగా తోస్తుంది. అవి లోపాలు కావు. అసలుదో కాదో చూడాలంటే వెలుగుతున్న ల్యాప్‌టాప్ తెర ముందు అద్దాన్ని పట్టుకుని స్టీరింగ్ తిప్పినట్టు తిప్పండి. ఒక చోట తెర నల్లబడాలి. ఎంత తిప్పినా మారకపోతే అది ఉత్త రంగద్దం. పోలరైజ్డ్ అన్నంత మాత్రాన యూవీ ఆగినట్టు కాదు, అది విడిగా చూసుకోవాల్సిందే.

ప్రశ్న: నాకు మైనస్ రెండున్నర ఉంది. ఎండకు నల్లబడే ఫొటోక్రోమిక్ వేయించుకున్నాను. కారులో అసలు నల్లబడడం లేదు, ఎండాకాలం బయట కూడా అంతంతే. మోసపోయానా?
– ఉపాధ్యాయిని, కరీంనగర్

జవాబు: మోసం కాదండీ, ఆ అద్దం స్వభావమే అంత. అది నల్లబడేది యూవీ తగిలినప్పుడు. కారు ముందు అద్దం యూవీని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి లోపల దానికి పని ఉండదు. రెండో సంగతి షాపుల్లో సాధారణంగా చెప్పరు: వేడి పెరిగేకొద్దీ అందులోని అణువులు త్వరగా తెల్లదనానికి తిరిగిపోతాయి. అందుకే సంక్రాంతి చలిలో బాగా నల్లబడ్డ అద్దమే 44 డిగ్రీల మే ఎండలో వెలవెలబోతుంది. బడికి, బజారుకు అది చాలు, యూవీ రక్షణ తెల్లగా ఉన్నప్పుడు కూడా ఉంటుంది. కారు నడపడానికి మాత్రం మీ నంబరుతో విడిగా రంగద్దం చేయించుకోండి, లేదా ఉన్న ఫ్రేము మీద తగిలించుకునే రంగద్దం క్లిప్ తీసుకోండి. సీఆర్-39 ప్లాస్టిక్‌తో చేస్తుంటే యూవీ పూత అడిగి వేయించుకోవాలి. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌కు ఆ గుణం చాలావరకు సహజంగానే ఉంటుంది. నంబరు మూడు నాలుగు దాటినవాళ్లు వంపు బాగా ఉన్న ఫ్రేముల జోలికి పోకపోవడం మంచిది, అంచుల్లో చూపు తేడా కొడుతుంది.

ప్రశ్న: మా బాపు పత్తి, మిర్చి చేన్ల పొద్దంత ఎండల్నే ఉంటడు. ముక్కు దిక్కు తెల్లగుడ్డు మీద కండ లెక్క పెరుగుతాంది. అద్దాలు పెడితే తగ్గుతదా?
– పాఠకురాలు, నర్సంపేట

జవాబు: పెరిగిన కండ అద్దాలతో కరగదమ్మా. ఏళ్ల తరబడి ఎండ, దుమ్ము, గాలి తగిలి అది పెరుగుతుంది. ఇంకా పెరగకుండా అడ్డుకోవడానికి, ఒకవేళ ఆపరేషన్ చేసి తీస్తే మళ్లీ రాకుండా చూసుకోవడానికి అద్దాలు అవసరం. కండ నల్లగుడ్డు మీదికి పాకుతున్నా, చూపు మసకబారినా ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి.

బాపుకు ముఖం చుట్టూ వంగిన పాలీకార్బొనేట్ అద్దం, బూడిద లేదా గోధుమ రంగు, 2 లేదా 3వ రకం తీసుకోండి. తలకు రుమాలు చుట్టుకుంటే సరిపోదు, కళ్ల మీదికి నీడ పడేలా అంచున్న టోపీ కావాలి. నడినెత్తిన ఎండకు కనుబొమ్మే కొంత నీడ ఇస్తుంది. పొద్దున ఎనిమిది, తొమ్మిదికి, సాయంత్రం మూడు, నాలుగుకు కిరణాలు ఏటవాలుగా నేరుగా కంట్లో పడతాయి. పలుచటి మబ్బున్న రోజు కూడా అద్దాలు తీయొద్దని చెప్పండి. చెమటకు అద్దం జారుతోందని పక్కన పడేసే రైతులే ఎక్కువ, కాబట్టి రబ్బరు ముక్కు ప్యాడ్‌లు, వెనక తాడు ఉన్నవి చూడండి.

చేనుకు పురుగుమందు కొట్టేటప్పుడు ఇవి పనికిరావు. తుంపర కిందినుంచీ పక్కనుంచీ పోతుంది. కంటి చుట్టూ ముఖానికి ఆనుకుని మూసుకుపోయే గాగుల్స్ విడిగా ఉండాలి. గ్రానైట్ కోత, వెల్డింగ్ పనులకూ అంతే, ఆ పనికి చేసిన రక్షణ అద్దాలే వాడాలి.

ప్రశ్న: రాత్రి ఎదురు లైట్లకు పసుపు అద్దాలు మంచివా?
– లారీ డ్రైవర్, రామగుండం

జవాబు: వద్దు. చీకట్లో ఉన్న కొద్ది వెలుతురునూ అవి తగ్గిస్తాయి. కంటి పరీక్ష చేయించుకోండి. ఎదురు లైటు చుట్టూ వలయాలు కనిపిస్తుంటే నంబరో శుక్లమో కారణం కావచ్చు.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల బాబు క్రికెట్‌కు పోతడు. పిల్లలకు కూడా కావాలా?
– తల్లి, జనగామ

జవాబు: కావాలి. పిల్లల కంటి కటకం పెద్దవాళ్లదాని కన్నా తేటగా ఉండి యూవీని లోపలికి ఎక్కువగా పోనిస్తుంది. బొమ్మల దుకాణంలోవి కాకుండా యూవీ 400 ఉన్న పాలీకార్బొనేట్ కొనండి, బంతి తగిలినా పెంకులుగా పగలదు. గాజు అద్దం అసలే వద్దు.

ప్రశ్న: మంచివే కొన్నా ఏడాదికే అద్దం మీద పొర లేస్తోంది. ఎందుకు?
– పాఠకుడు, వరంగల్

జవాబు: కారు డ్యాష్‌బోర్డు మీదో బండి డిక్కీలోనో పెట్టి ఉంటారు. ఎండలో నిలిపిన వాహనంలో వేడికి పూతలు చిట్లుతాయి, పోలరైజ్డ్ పొర అంచు నుంచి విడుతుంది, ప్లాస్టిక్ ఫ్రేము వంగుతుంది. తుడిచే పద్ధతి రెండో కారణం. చొక్కా అంచుతో పొడిగా రుద్దితే దుమ్ములోని ఇసుక రేణువులే గీతలు గీస్తాయి. ముందు నల్లా కింద చల్లటి నీళ్లతో దుమ్ము పోనివ్వండి. తర్వాత గిన్నెల లిక్విడ్ ఒక చుక్క వేలి కొసతో రాసి కడిగి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తండి. ఆ గుడ్డను కూడా వారానికొకసారి ఉతకాలి. ఎక్కడైనా పెట్టేటప్పుడు అద్దాలు పైకి ఉండేలా మడిచి, గట్టి డబ్బాలో పెట్టండి.