మ్యాపులో చుక్క లేని వీధుల సంగతి

మామూలు జనమే గాలి నాణ్యత కొలిచే మీ పౌర విజ్ఞాన ప్రాజెక్టుకి ఒకే తరహా వాలంటీర్లు వస్తున్నారు, మిగతా వర్గాలను ఎలా కలుపుకోవాలి అని అడిగారు. అలాంటి ప్రాజెక్టులోనే కొన్నాళ్లు సమన్వయం చూశాను. పోస్టర్లు పెంచితే తలల లెక్క పెరుగుతుందేమో గానీ చిక్కు తీరదు. ఏం కొలవాలో ఎవరు తేల్చారు, కొలిచాక డేటా ఎవరి చేతిలో ఉంటుంది? ముందు ఈ రెండూ చూడండి.

మా సెన్సర్లకు కరెంటు, వైఫై నిరంతరం కావాలి. దాంతో అవన్నీ సొంతిళ్లవాళ్ల బాల్కనీలకే చేరాయి. రాత్రంతా లారీలు ఇంజన్ ఆపకుండా నిలబడే గోదాముల పక్క వీధుల్లో ఒక్కటీ లేదు. మ్యాపు చూసిన ఒక అధికారి "అక్కడ సమస్యేమీ కనబడట్లేదే" అనేశారు. కొలవని చోట సమస్య ఎలా కనబడుతుంది?

ఇది అన్నిచోట్లా ఉన్న గొడవే. అమెరికాలో 1930లలో ఇంటి అప్పులకు పనికిరావని మ్యాపుల్లో ఎర్రరంగు వేసిన పేటల్లో, కనబడిన పక్షులను నమోదు చేయడం ఇప్పటికీ తక్కువని 2023లో ఒక పరిశోధన తేల్చింది. రోడ్ల గుంతలు పట్టే స్ట్రీట్ బంప్ యాప్ విషయంలో బోస్టన్ నగరం కాస్త ముందుచూపు చూపింది. స్మార్ట్‌ఫోన్లు తక్కువున్న పేటలు వెనకబడిపోతాయని గ్రహించి, ఊరంతా తిరిగే రోడ్డు ఇన్‌స్పెక్టర్లకు మొదట ఇచ్చింది.

గోదాముల పక్కవాళ్లతో కూర్చుంటే తెలిసింది, మేం గొప్పగా చూపించే రోజువారీ సగటుతో వాళ్లకు పనే లేదని. "తెల్లవారుజామున వాసనకి గొంతు మండుతోంది, అది రాసుకోండి" అన్నారు. చవక సెన్సర్లు లేజర్ కాంతితో ధూళి కణాలను అంచనా వేస్తాయి, వాసన తెచ్చే వాయువులను పట్టవు. తేమ పెరిగితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి కూడా. అందుకని గంటగంటకీ రీడింగు పెట్టి, పక్కన వాసన వచ్చిన వేళలు రాసే కాగితం జతచేశాం. బ్యాటరీతో నడిచే సెన్సర్లు తెప్పించాం. మీటింగుకి వచ్చినవాళ్లకు డబ్బిచ్చాం. ఒక పూట కూలి పోగొట్టుకునే మనిషిని సేవ చేయమనడం నాకైతే అన్యాయమే అనిపిస్తుంది.

ఇక డేటా. అద్దెకుండే ఒకావిడ "నా ఇంటి మీద ఎర్ర చుక్క పడితే ఓనర్ ఊరుకుంటాడా?" అని అడిగింది. అప్పటినుంచి బయటి మ్యాపులో ఇంటి గుర్తు తీసేసి వీధి వరకే చూపించాం. మొక్కలు, జంతువులు ఎక్కడ కనబడ్డాయో జనం నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్ ఆపదలో ఉన్న జీవుల చోటును ఎలాగూ మసక చేస్తుంది. ఆ జాగ్రత్త మనుషులకు ఎందుకుండకూడదు?

అంగీకార పత్రంలో "పరిశోధన కోసం" అని రాసి వదిలేయకండి. 1990లో మధుమేహం పరిశోధన అనుకుని అమెరికా ఆదివాసులైన హవాసుపాయ్ తెగవాళ్లు అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి రక్త నమూనాలిచ్చారు. వాటిని వేరే పరిశోధనలకూ వాడారు. కేసు నడిచి, 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లిచ్చి నమూనాలు తిరిగి అప్పగించింది. ఆదివాసీల డేటా మీద వాళ్లకే అధికారం ఉండాలనే కేర్ సూత్రాలు 2019లో వచ్చాయి. పత్రం రాసేముందు అవి చదవండి. తర్వాత ఇంకెవరైనా డేటా అడిగితే ఎవరు ఒప్పుకోవాలి, ఇచ్చినవాళ్లు ఎలా వెనక్కి తీసుకోవచ్చు అన్నవి అందులో ఉండాలి.

మీ సెన్సర్లన్నీ ఇంకా పంచకపోతే కొన్ని పక్కన పెట్టి ఉంచండి. అవి ఎక్కడ పెట్టాలో ఇప్పటిదాకా మీ మీటింగుకి రానివాళ్లను చెప్పమనండి.