డాక్టర్ సలహా: తుఫానుకే బెదరని నాకు బజారుకు వెళ్లాలంటే భయమేంటి?

ప్రశ్న: నా వయసు 67. రిటైర్డ్ టీచర్‌ని, కావలిలో ఉంటాను. 1989 తుఫాను రాత్రి రేకులు ఎగిరిపోతుంటే ఇద్దరు పిల్లల్ని పొదువుకుని తెల్లవార్లూ నిలబడ్డాను. కలిగిరి వైపు పల్లెల్లో రాత్రిబడులు నడిపాను. సారా వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్లతో కలిసి తిరిగాను. మావారు పోయి ఏడాదిన్నర అయింది. ఆమధ్య బాత్రూం దగ్గర జారిపడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది కానీ బయటికి వెళ్లాలంటే కాళ్లు వణుకుతున్నాయి. రాత్రి రెండు ఇడ్లీలు తిని ఎనిమిదిన్నరకే పడుకుంటాను, మూడింటికల్లా మెలకువ వచ్చేస్తుంది. అందుకని మెడికల్ షాపులో అడిగి అల్ప్రజోలం వేసుకుంటున్నాను. బీపీ, షుగర్ మాత్రలు ఎప్పటినుంచో ఉన్నాయి. తెలిసినవాళ్ల పేర్లు కూడా గుర్తు రావడం లేదు. అబ్బాయి ఇల్లు అమ్మేసి హైదరాబాద్ వచ్చేయమంటున్నాడు. ఆ ధైర్యమంతా ఏమైపోయింది? ముసలితనమంటే ఇదేనా డాక్టర్ గారూ?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నా చూపు ముందు ఆ నిద్రమాత్ర దగ్గరే ఆగింది. పెద్ద వయసులో అల్ప్రజోలం ఒంట్లోంచి త్వరగా పోదు. నడక తూలుతుంది, జ్ఞాపకం మసకబారుతుంది, మనసు మొద్దుబారినట్టు ఉంటుంది. మీరు చెప్పిన వణుకు, మతిమరుపు రెండూ ఆ ఒక్క మాత్రతో రావచ్చు. అది పడకముందు మొదలుపెట్టారా, పడ్డాకా అన్నది మీరు రాయలేదు. మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే ఆందోళన పెరుగుతుంది, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి.

అసలు మీకు నిద్ర తక్కువైందా? ఎనిమిదిన్నర నుంచి మూడింటి దాకా అంటే ఆరున్నర గంటలు. ఈ వయసుకు అది మరీ తక్కువేమీ కాదు. వయసు పెరిగేకొద్దీ నిద్ర వేళ ముందుకు జరుగుతుంది, పెందలాడే నిద్ర ముంచుకొస్తుంది. సాయంత్రం కాసేపు ఎండ తగిలేలా ఆరుబయట కూర్చోండి, పగటి కునుకు అరగంట దాటనివ్వకండి, పడక పదింటికి మార్చుకోండి. మెలకువ కూడా నాలుగున్నర, ఐదు వైపుకు జరుగుతుంది.

ఇక ఎముక. నిలబడ్డ ఎత్తు నుంచి పడినంత మాత్రాన మణికట్టు విరిగిందంటే కట్టు కట్టించుకుని ఊరుకునే విషయం కాదు. ఎముకలు గుల్లబారాయేమో చూడాలి, లేకపోతే తర్వాతి దెబ్బ తుంటికి తగలొచ్చు. నెల్లూరు వెళ్లినప్పుడు ఎముకల గట్టితనం కొలిచే డెక్సా స్కాన్ చేయించుకోండి. దాంతోపాటు విటమిన్ డి, బి12, థైరాయిడ్, సోడియం, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది) పరీక్షలు కూడా. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గుతుంటుంది. కొన్ని బీపీ మాత్రలతో సోడియం పడిపోతుంది. రెండూ మతిని, నడకను దెబ్బతీసేవే. బీపీ పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు మరోసారి చూడమనండి. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ తగ్గితే మాత్రల మోతాదు మళ్లీ చూసుకోవాలి.

కాళ్ల సంగతి ఇంట్లోనే తెలుసుకోవచ్చు. కుర్చీని గోడకు ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. పక్కన ఎవరైనా ఉండాలి. 65 నుంచి 69 ఏళ్ల ఆడవాళ్లు 11 సార్లకంటే తక్కువ లేస్తే పడిపోయే ముప్పు ఉన్నట్టు. పరీక్ష ఇదే, వ్యాయామమూ ఇదే. మొదట్లో బల్ల పట్టుకుని, ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు, పొద్దునా సాయంత్రం చేయండి. పడ్డ భయంతో కదలకుండా కూర్చుంటే కండ తగ్గుతుంది. కండ తగ్గితే మళ్లీ పడతారు.

కండకు తిండి కావాలి. ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించడమెందుకని రాత్రి పలహారంతో సరిపెట్టుకునే అమ్మలను రోజూ చూస్తుంటాను. రెండు ఇడ్లీల్లో ప్రొటీన్ నాలుగైదు గ్రాములకు మించదు. 55 కిలోల మనిషికి రోజుకు 55 నుంచి 65 గ్రాములు కావాలి. పప్పు, పెరుగు, గుడ్డు, శనగ గుగ్గిళ్లు పూటపూటకూ ఏదో ఒకటి ఉండాలి. తినే అలవాటుంటే చేపలు (నెల్లూరు జిల్లాలో ఉన్నవాళ్లకు ఇది నేను చెప్పాలా!). కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడిగాకే.

పేర్లు గుర్తురాక, కాసేపటికి తట్టడం ఈ వయసులో మామూలే. తెలిసిన వీధిలో దారి తప్పడం, పెన్షన్ లెక్క చూసుకోలేకపోవడం, చెప్పిందే చెప్పడం మొదలైతే అప్పుడు ఆలస్యం చేయొద్దు. ఇంకో మాట సూటిగా అడుగుతాను. ఒకప్పుడు ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయిందా? రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉంటోందా? తెల్లవారుజామున మెలకువ డిప్రెషన్‌లోనూ ఉంటుంది. దానికి మంచి మందులున్నాయి. బతకాలని లేదనిపిస్తే ఆ క్షణమే ఎవరికైనా చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ధైర్యం ఏమైపోయిందన్నారు. తుఫాను రాత్రి మీకు ముప్ఫై దాటి ఒకట్రెండేళ్లు. కాళ్లలో సత్తువ ఉంది, ఇంట్లో మనుషులున్నారు. 1992లో మీ నెల్లూరు జిల్లా దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా మీదికి ఒక్కొక్కరుగా వెళ్లలేదు, గుంపుగా కదిలారు. మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది. మనం ధైర్యమనేది చాలావరకు ఒంటి బలం, నిద్ర, పక్కన మనిషి కలిసి ఇచ్చేదే అని నా అనుభవం. మీకు ఆ మూడూ ఏడాదిన్నరలోనే దెబ్బతిన్నాయి. ముసలితనం మీద నెట్టేస్తే వైద్యం అందాల్సినవి వైద్యం లేకుండా ఉండిపోతాయి. రాత్రిబడిలో మీ దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లు ఇప్పటికీ ఆ ఊళ్లలో ఉండే ఉంటారు. ఒకరికి ఫోన్ చేసి ఇంటికి రమ్మనండి. మొదటిసారి బజారుకు ఆవిడతోనే వెళ్లండి.

ఇల్లు అమ్మే నిర్ణయం ఇప్పుడు వద్దు. మాత్ర తగ్గి, కాళ్లు కుదురుకున్నాక, హైదరాబాద్‌లో రెండు నెలలు ఉండి చూడండి. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్లాక ఫ్లాట్‌లో పగలు ఎలా గడుస్తుందో అప్పుడే తెలుస్తుంది. ఈలోగా అబ్బాయి వచ్చినప్పుడు బాత్రూం గోడకు పట్టుకునే స్టీలు రాడ్లు, పడక నుంచి అక్కడిదాకా ఒక చిన్న రాత్రి లైటు పెట్టించమనండి.