ఒక్క మాట వేషంతో నిలిచిపోయిన నటుడు: నకమురా నకజో

"చిన్న వేషం వేసి చరిత్రలో నిలిచిపోయిన నటులు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. సినిమావాళ్ల సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకి రంగస్థలం నుంచి ఒకాయన పేరు చెబుతాను: మొదటి నకమురా నకజో (1736-1790). 'మొదటి' అనడం ఎందుకంటే కబుకిలో రంగస్థల నామం కూడా వారసత్వమే. అదే పేరుతో తర్వాత ఇంకొందరు వచ్చారు.

టోక్యోలో ఉద్యోగం చేసే రోజుల్లో సెలవు దొరికితే గింజాలోని కబుకి-జా థియేటర్‌కి వెళ్లేవాణ్ణి. పూర్తి ఆటకి టికెట్ కొంటే జేబు ఖాళీ, పైగా గంటల తరబడి కూర్చోవాలి. అక్కడ ఒక్క అంకానికి మాత్రమే టికెట్ ఇచ్చే పద్ధతి ఒకటుంది. నాలుగో అంతస్తులో, పైకప్పు కింద కూర్చోబెడతారు. నాబోటి వాడికి అదే సుఖం. అలా ఒకసారి 'కనాదెహోన్ చూషింగురా'లో ఐదు, ఆరు అంకాలు చూశాను. ప్రభువు పగ తీర్చుకున్న 47 మంది సమురాయ్‌ల కథ అది. మొత్తం 11 అంకాలు. 1748లో ఒసాకాలో ముందు బొమ్మలాటగా వచ్చింది, వెంటనే కబుకివాళ్లు అందుకున్నారు.

ఐదో అంకం. చీకటి, వాన, యమజాకి రహదారి. యోయిచిబే అనే ముసలాయన ఆయాసపడుతూ వచ్చి గడ్డివామి ముందు కూర్చుంటాడు. దగ్గర చారల సంచిలో యాభై ర్యోలు, అంటే అప్పటి బంగారు నాణేలు. అల్లుడు కన్‌పెయి మళ్లీ సమురాయ్‌గా తలెత్తుకోవాలంటే డబ్బు కావాలని, కూతురు ఓకారును వేశ్యావాటికకు అమ్మి తెచ్చిన సొమ్ము అది. వామిలోంచి తెల్లటి చేయి ఒకటి బయటికొచ్చి సంచి లాక్కుంటుంది. వెనకే కత్తి. ముసలాయన కూలిపోయాక సదకురో అనే దారిదోపిడీ దొంగ బయటికొస్తాడు. నల్ల కిమోనో, పైకి ఎగదోపిన అంచు, తెల్లరంగు పూసిన కాళ్లు. తొందరేమీ లేదు. కత్తి తుడుచుకుంటాడు, జుట్టులో నీళ్లు దులుపుకుంటాడు, తడిబట్ట పిండుకుంటాడు. సంచిలో చేయిపెట్టి తడిమి "గోజూ ర్యో" అంటాడు. యాభై ర్యో అని. అంకం మొత్తంలో అతనికున్న మాట అదొక్కటే.

ఇంతలో అడవిపంది పరుగెత్తుకొస్తుంది (పంది వేషంలో ఉన్నదీ నటుడే, జనం కాస్త నవ్వుతారు కూడా). సదకురో దాక్కుంటాడు. అది పోయిందని బయటికి రాగానే తుపాకీ పేలుతుంది. నోట్లోంచి ఎర్రగా కారిన నెత్తురు తెల్లటి తొడమీద పడుతుంది. అంతటితో వేషం అయిపోయింది! పందిని వేటాడుతూ కాల్చింది కన్‌పెయి. చీకట్లో తడుముకుంటూ వచ్చి, శవం దగ్గర సంచి దొరికితే పట్టుకుపోతాడు. తర్వాత మామని తనే చంపాననుకుని ఆరో అంకంలో పొట్ట చీల్చుకుంటాడు.

ఆ నెత్తురు పడ్డ క్షణాన నా వెనక వరసలోంచి ఒక పెద్దాయన నటుడి వంశనామం పెట్టి గట్టిగా కేకేశాడు. మన పద్యనాటకాల్లో "వన్స్ మోర్" లాంటిదే, కాకపోతే సరిగ్గా ఎక్కడ కేకెయ్యాలో తెలిసి వేసే కేక. ఇంత చిన్న వేషానికి ఇంత గౌరవమేమిటని నాతో వచ్చిన జపనీస్ మిత్రుణ్ణి అడిగితే, అప్పుడు చెప్పాడు నకజో గురించి.

అంతకుముందు సదకురో అంటే ఒట్టి కొండదొంగ. దళసరి దూది అంగీ, తలకి ముసుగు, మోటు వాలకం. ఎవరో ఒక చిల్లర నటుడు వచ్చి ముసలాయన్ని చంపేసి తనూ చచ్చిపోయేవాడు. ప్రేక్షకులు భోజనాల డబ్బాలు విప్పుకునే సమయం అదేనని చెప్పుకుంటారు. 1766లో 'ఎదో' నగరంలోని (ఇప్పటి టోక్యో) ఇచిమురా-జా థియేటర్‌లో ఆ వేషం నకజోకి పడింది. ఆయన దొంగ సంగతి పక్కన పెట్టి, వీడు ఎవరి కొడుకు అని చూశాడు. సదకురో తండ్రి ఓనో కుదయూ పెద్ద జమీలో ముఖ్యోద్యోగి. ప్రభువు పోయి, సంస్థానం పోయి, కొడుకు దారిదోపిడీలకు దిగాడు. అలాంటివాడు కొండదొంగలా ఎందుకుంటాడు? చితికిపోయిన పెద్దింటి కుర్రాడిలా ఉంటాడు. అందుకే వంశచిహ్నం ఉన్న నల్ల కిమోనో, నడుముకి కత్తులు, గొరిగించుకోక పెరిగిన నడినెత్తి జుట్టు, చిరిగిన గొడుగు, ఒళ్లంతా కుమ్మరించుకున్న నీళ్లు. రాతప్రతిలో కొత్త ఘట్టమేదీ ఇరికించమని అడగలేదు. నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చింది ఇదే. ఇప్పుడు మనం చూసే రూపంలో తర్వాతి తరాల నటులు కలిపినవీ ఉన్నాయి గానీ, మూలం ఆయనదే. ఆ తర్వాత సదకురో పేరున్న నటులు కోరి వేసే వేషమైపోయింది.

ఈ కథని రకుగో కళాకారులు, అంటే ఒక్కరే కూర్చుని హాస్యంగా కథ చెప్పేవాళ్లు, ఇప్పటికీ రసవత్తరంగా చెబుతారు. రచయితతో పడక ఈ ఒక్క వేషమే ఇచ్చారని, దిగులుతో గుడికి మొక్కుకుని వస్తూ వానకి ఒక సోబా (నూడుల్స్) దుకాణంలో దూరితే తడిసి ముద్దయిన సమురాయ్ ఒకడు లోపలికొచ్చి కిమోనో చేతులు పిండుకున్నాడని, అది చూసి వేషం తట్టిందని అంటారు. మొదటి రోజు జనం నోరు తెరుచుకుని చప్పట్లు కూడా మర్చిపోతే, ఆట పోయిందనుకుని ఊరొదిలిపోబోయాడట. ఇందులో ఎంత నిజమో, ఎంత మసాలాయో తేల్చడం కష్టం. నా మటుకు సోబా దుకాణం లేకపోయినా పర్వాలేదు. తండ్రి ఎవరన్న ప్రశ్న చాలు.

ఆయన జీవితమూ తేలిగ్గా గడవలేదు. కబుకిలో పెద్ద వేషాలు పెద్ద కుటుంబాలకే పోతాయి. ఈయన దత్తుడు. పెంచిన తల్లి షిగయామా ఓషున్ నాట్యగురువు, చిన్నప్పటినుంచి కఠినంగా నేర్పింది. అట్టడుగు నటుల్ని 'ఇనారి-మాచి' అనేవారు. గ్రీన్ రూంలో ఇనారి దేవుడి గూటి పక్కన కూర్చునే బాపతు అన్నమాట. అక్కడినుంచి మొదలుపెట్టి, తోటినటుల వేధింపులు పడి పైకొచ్చాడు. అప్పటి మహానటుడు నాలుగో ఇచికవా దన్‌జూరో ఈయన్ని చేరదీశాడు. తల్లి నేర్పిన నాట్యమే చివర్లో కలిసొచ్చింది. 1784లో 'సెకి నో తో' అనే నృత్యనాటకంలో కనుమ కాపలాదారు సెకిబే వేషం మొదట వేసింది ఈయనే. అది ఈనాటికీ ఆడుతున్నారు. ఆత్మకథ లాంటి రాతలు కూడా వదిలి వెళ్లాడు.

కాలేజీలో ఉండగా నేనూ పరిషత్తు నాటకాలు ఆడాను. నాకెప్పుడూ బంట్రోతు, పోస్ట్‌మాన్, లేకపోతే రెండో పోలీసు. చిన్న వేషం వచ్చినవాళ్లం సాధారణంగా చేసే పని, ఎక్కడో ఒకచోట నవ్వు పుట్టించి చప్పట్లు కొట్టించుకోవడం. హీరో ఏడుస్తుంటే వెనక మనం టోపీ సర్దుకుంటాం. జనం నవ్వుతారు, దర్శకుడు తిడతాడు. నకజో నాటకానికి అడ్డం పడలేదు. సదకురో పెద్దింటివాడని తెలిశాక, ఇల్లు పోయిన సమురాయ్‌లంతా ఏమైపోయారన్న నాటకం అసలు ప్రశ్న ఆ కాసేపట్లోనే కనబడుతుంది. పగ తీర్చుకునే 47 మంది ఒకవైపు, దారికాచే వీడొక్కడూ ఇంకోవైపు.

వీడియోలో చూడాలనుకుంటే ఐదో అంకాన్ని ఆరో అంకంతో కలిపి చూడండి, విడిగా చూస్తే కన్‌పెయి గొడవ అర్థం కాదు. సదకురోగా నకజో ఎలా ఉండేవాడో తెలియాలంటే, ఆయన కాలంలోనే చిత్రకారుడు కత్సుకవా షున్‌షో అచ్చు వేసిన రంగు బొమ్మలు ఉన్నాయి. పెద్ద మ్యూజియంల వెబ్‌సైట్లలో ఉచితంగానే చూడొచ్చు.