ఏ టు జెడ్ చెప్పేస్తాడు, నీళ్లు కావాలని మాత్రం అడగడు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం. బాబుకి రెండేళ్ల రెండు నెలలు. ఫోన్‌లో చూసి ఏ టు జెడ్, వన్ టు టెన్ గడగడా చెప్పేస్తాడు. మాటలు మాత్రం అమ్మ, తాత, బువ్వ లాంటివి ఓ 12 వచ్చాయి. దాహమేస్తే నా చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్తాడు. మా అత్తగారు వాడితో ఒడియాలో మాట్లాడతారు. ఆవిడ దగ్గర ‘పాణి’ (నీళ్లు), ‘ఖీర’ (పాలు) అంటాడు. మా ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో. నేను పనిలో ఉన్నప్పుడు ఫోన్ ఇస్తాను, రోజుకు మూడు నాలుగు గంటలవుతుంది. రైలు కూత వినగానే గుమ్మంలోకి పరిగెడతాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయనుకుంటున్నాం. వాళ్ల నాన్నకూ మూడేళ్లకు గానీ మాటలు రాలేదట. పక్కింటి పాపది ఇదే వయసు, అన్నీ మాట్లాడేస్తోంది. ఒడియా మాన్పించాలా? వస పోయొచ్చా? అక్షరాలు దిద్దిస్తే మాటలు వస్తాయా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

డాక్టర్ సలహా: అమ్మా, ముందు మీ లెక్క సరిచేద్దాం. 12 మాటలన్నారు, అందులో ‘పాణి’, ‘ఖీర’ కలపలేదు. అవీ మాటలే. నానమ్మను చూసి ఒడియాలో, మిమ్మల్ని చూసి తెలుగులో మాట్లాడుతున్నాడంటే ఎవరితో ఏ భాషో వాడికి తెలుస్తోందన్నమాట. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. మీ ఊళ్లో బజారుకెళితే రెండూ వినిపిస్తాయి, అక్కడి పిల్లలు రెండూ నేర్చుకునే పెరుగుతారు. కాబట్టి ఒడియా మాన్పించకండి. మీ అత్తగారు రోజంతా వాడితో మాట్లాడుతున్నారంటే అంతకు మించిన సాయం లేదు.

అయినా రెండు భాషలవీ కలిపితే 14 మాటలే అవుతున్నాయి. రెండేళ్లు నిండేసరికి సుమారు 50 మాటలు, ‘అమ్మ రా’, ‘పాలు కావాలి’ లాంటి రెండేసి మాటల జంటలు రావాలని మేం చూస్తాం. అందుకే ‘వాళ్ల నాన్నా అంతే’ అని ఆగొద్దంటున్నాను. ఆలస్యంగా మొదలుపెట్టి అందుకునే పిల్లలు చాలామందే ఉంటారు, నిజమే. కానీ ఎవరు అందుకుంటారో, ఎవరికి సాయం కావాలో రెండేళ్ల వయసులో పైకి చూసి చెప్పలేం. పరీక్ష చేయిస్తే నష్టం లేదు, ఊరికే ఎదురుచూస్తే మాత్రం విలువైన నెలలు పోతాయి.

మొదటి పరీక్ష చెవులదే. రైలు కూత వినిపించినంత మాత్రాన మాటలు స్పష్టంగా వినిపిస్తున్నట్టు కాదు. జలుబు చేసిన తర్వాత కొందరు పిల్లలకు కర్ణభేరి వెనక నీరు చేరి నెలల తరబడి ఉండిపోతుంది. నొప్పి ఉండదు, చీమూ కారదు. గట్టి చప్పుళ్లు వినిపిస్తాయి. స, ఫ లాంటి సన్నని ధ్వనులు మాత్రం అందవు. చెవుల్లో దూది పెట్టుకుని పక్కగదిలో మాటలు వింటే ఎలా ఉంటుందో ఊహించండి. అలా విన్న భాషను పిల్లాడు ఎలా పట్టుకుంటాడు? ఈఎన్‌టీ డాక్టర్ చెవి చూసి, అవసరమైతే వినికిడిని కొలిచే ఓఏఈ, బేరా పరీక్షలు రాస్తారు. బేరా చాలావరకు పిల్లాడు నిద్రలో ఉండగా చేస్తారు, నొప్పి ఉండదు. మీకు శ్రీకాకుళం కన్నా ఒడిశాలోని బరంపురం దగ్గర, అక్కడి ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రిలో అడగండి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ఖర్చు గురించి దిగులుంటే అంగన్‌వాడీలో చెప్పండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం 2013 నుంచి నడుస్తోంది, పిల్లల ఎదుగుదలలో జాప్యాన్ని గుర్తించి పై ఆసుపత్రికి పంపడం ఆ పథకం సిబ్బంది పనే.

ఇక చెయ్యి పట్టుకుని లాక్కెళ్లడం. మీరు మామూలుగా రాసేసిన ఈ సంగతి దగ్గరే నేను ఆగాను. లాక్కెళ్లేటప్పుడు మీ మొహంలోకి చూస్తాడా? చూపుడు వేలితో ‘అదిగో’ అన్నట్టు చూపిస్తాడా? పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? నా దగ్గరికి వచ్చే పిల్లలకు మూత బిగించిన సబ్బుబుడగల సీసా ఇస్తాను. కొందరు కాసేపు తంటాలు పడి, వాళ్లమ్మ చేతిలో పెట్టి, ఆమె కళ్లలోకి చూసి ‘ఊఁ’ అంటారు. మాట లేకపోయినా అది అడగడమే. ఇంకొందరు ఎవరి వైపూ చూడకుండా సీసాను దొర్లించుకుంటూ ఉండిపోతారు. ఇంట్లో బిస్కెట్ల డబ్బాతో మీరూ చూడొచ్చు. చూపు కలపడం, వేలితో చూపించడం తక్కువగా ఉన్నాయనిపిస్తే పిల్లల డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఆటిజం లక్షణాలున్నాయేమో తెలుసుకోవడానికి ఎం-చాట్ అని 20 ప్రశ్నలతో ఒక పట్టిక ఉంది, పది నిమిషాల్లో అయిపోతుంది. మీవాడికి ఆ సమస్య ఉందని నేను అనడం లేదు. చూడకుండా లేదనీ అనలేను. వచ్చిన మాటలు వెనక్కి పోతుంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి.

వస పోయకండి. వాగుడుకాయలను వసపిట్ట అనడం మనకు అలవాటే గానీ, వసకొమ్ము మాటలు తెప్పించదు. అందులోని ఆసరోన్ అనే పదార్థం పసివాళ్లకు మంచిది కాదు, వాంతులవుతాయి. నాలుక కింద తీగ కోయించమని ఎవరైనా అన్నా తొందరపడకండి. మాటలు ఆలస్యం కావడానికి సాధారణంగా అది కారణం కాదు.

ఏ టు జెడ్ చెప్పడాన్ని చదువు అనుకోవద్దు. అది పాట కంఠతా రావడం లాంటిది. ‘బి ఫర్ బాల్’ అనే పిల్లాడు బంతి మంచం కిందికి పోతే ‘బంతి’ అని మిమ్మల్ని పిలవాలి, మనకు కావలసింది అదీ. ఫోన్ వాడి మాట కోసం ఆగదు, వాడేమన్నా బదులివ్వదు. రెండేళ్లు దాటాక కూడా రోజుకు గంట మించొద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది, ఆ గంటా పక్కన పెద్దవాళ్లు ఉండాలి. నాన్నతో వీడియో కాల్‌కి అభ్యంతరం లేదు, అక్కడ ఇటూ అటూ మాట ఉంటుంది. మీరు వంట చేసేటప్పుడు వాడికి నాలుగు గిన్నెలు, గరిటె, రెండు బంగాళాదుంపలు ఇవ్వండి. చప్పుడు భరించాలి, తప్పదు.

బిందె దగ్గరికి లాక్కెళ్లినప్పుడు వెంటనే గ్లాసు నింపకండి. కూర్చుని వాడి కళ్ల ఎత్తుకు దిగి, ‘నీళ్లా?’ అని, మనసులో పది లెక్కపెట్టండి. ఆ పది అంకెలూ చాలా పొడుగ్గా అనిపిస్తాయి. ‘నీ’ అన్నా చాలు, రెండు గుక్కలు పోయండి. ‘నీళ్లు... చల్లటి నీళ్లు’ అంటూ మరో రెండు. ఏమీ అనకపోయినా ఏడిపించకండి, మాట మీరే అని ఇచ్చేయండి.

పలక ఇప్పుడు వద్దు, మాట ముందు. ఒళ్లో కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం తిప్పండి, రాసిందంతా చదవక్కర్లేదు. ఆవు బొమ్మ మీద వాడు వేలు పెడితే మీ వీధిలో తిరిగే ఆవు గురించి చెప్పండి. అదే పుస్తకం వందసార్లు తెచ్చినా విసుక్కోకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద వాడు అనే మాటలన్నీ రాయండి, ఒక వైపు తెలుగు, ఒక వైపు ఒడియా. ఒడియా వైపు మీ అత్తగారిని అడిగి రాయండి. వాడు నానమ్మతో ఆడుకుంటుండగా వాడికి తెలియకుండా రెండు నిమిషాల వీడియో తీసి తీసుకెళ్లండి. కొత్తచోట పిల్లలు నోరు విప్పరు, ఆ వీడియో మాకు చాలా పనికొస్తుంది.